ఒడలి బరువును తగ్గించు ఉపాయములు: వాని నిజానిజములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)

 

వెలిగొండల నీడనున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు చిరకాలముగా మెట్ట సీమలు. వానను నమ్ముకొని జొన్నయు, సజ్జయు, రాగియు, కొర్రయు పండించుకొని, ఒకపూట సంకటితోను ఒకపూట అంబలితోను కాలము గడపిన తరములవారికి దేహము పెరుగుట సమస్య కాదు. దేహమును నిలుపుకొనుటయే సమస్య. ఆ దినములలో "ఒళ్లు చేసినాడు" అన్నది మెప్పుమాట. పెండ్లిచూపులకు పోయిన పెద్దలు పిల్ల బొద్దుగా నున్నదని సంతసించెడివారు. నేడు కాలము మారినది. సోమశిల నీరు పారినచోట వరి పెరిగినది. చౌకబియ్యము ప్రతి యింటికిని చేరినది. కాలినడక పోయి మోటారు సైకిలు వచ్చినది. రోలు, రోకలి మూలబడినవి. నూనె డబ్బా మాత్రము నెల తిరుగకుండగనే వట్టిపోవుచున్నది.

దీని ఫలితము లెక్కలలో కానవచ్చుచున్నది. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో నూటికి 36 మందియు, పురుషులలో 31 మందియు ఉండదగిన దానికంటె ఎక్కువ బరువున్నవారు. అదే సర్వేలో మరియొక లెక్కయు కలదు. ఈ రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనత గలవారు. అనగా ఒకే వీధిలో, ఒక్కొక్కచో ఒకే యింటిలో, కొవ్వు మిక్కుటమైనవారును రక్తము చాలనివారును కలిసియే యున్నారు. కొన్ని సమయములందు ఈ రెండు దోషములును ఒకే దేహమున నుండును. బరువు తగ్గించు ఉపాయమును ఎంచుకొనునపుడు ఈ సంగతిని మరువరాదు. ఎవరు తగ్గవలెను, ఎంత తగ్గవలెను, ఏ మార్గమున తగ్గవలెను అను మూడు ప్రశ్నలను విడివిడిగా విచారింపవలెను.

మొదటి ప్రశ్నకు చిన్న లెక్క చాలును. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గముతో భాగింపవలెను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవానికి ఈ సంఖ్య 25 వచ్చును. భారతీయులకు ఈ సంఖ్య 23 దాటినచో బరువు హెచ్చినట్లును, 25కు చేరినచో స్థూలకాయమైనట్లును వైద్యులు పరిగణింతురు. పాశ్చాత్యులకు ఈ హద్దులు 25, 30. భారతీయులకు హద్దు తగ్గించుటకు కారణము కలదు. చూచుటకు సన్నగనే యున్నను మన దేశీయుల దేహమున కండ తక్కువ, ఉదరమున కొవ్వు ఎక్కువ. మధుమేహము తక్కువ బరువుననే వచ్చి పడును. కావున కొలతనాడాతో నడుమును కొలుచుట మరింత ఉపయోగకరము. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త వహింపవలెను.

ఇక రెండవ విషయము. ఒడలి లెక్క గ్రామపు జమాఖర్చుల లెక్కవంటిది. తిన్నది జమ, శ్వాసము, హృదయ స్పందనము, నడక, పని ఖర్చు, మిగిలినది నిల్వ. ఆ నిల్వయే కొవ్వు. ఆహారములోని శక్తిని కాలరీలలో కొలుతురు. గ్రాము పిండిపదార్థమునకును, గ్రాము మాంసకృత్తునకును సుమారు 4 కాలరీలు. గ్రాము నూనెకు లేక నేతికి 9 కాలరీలు. ఈ లెక్కను ఏ మంత్రమును, ఏ మూలికయు కొట్టివేయజాలదు. కాని ఈ దస్తరమున నొక చిక్కు కలదు. జమ తగ్గింపగానే ఒడలు తన ఖర్చును కూడ తగ్గించుకొనును, ఆకలిని హెచ్చించును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను వారి సమ్మతితో 24 వారములు అర్ధాహారముపై నుంచెను. వారి బరువు తగ్గినది. దానితోపాటు ఉత్సాహము, బలము తగ్గినవి. రేయింబవళ్లు భోజనమే వారి తలంపైనది. కఠినముగా కడుపు మాడ్చుకొన్నవాడు తుదకు లొంగిపోవుట దేహధర్మము. మనోదౌర్బల్యము మాత్రమే కాదు.

ఇపుడు తెలుగునాట నిందరు చర్చించుకొనిన రెండు మార్గములను చూతము. మంతెన సత్యనారాయణరాజుగారు ప్రచారము చేసిన ప్రకృతి జీవన విధానమున ఉప్పును, నూనెను విడిచి, పచ్చికూరలు, పండ్లు, మొలకలు తినవలెను. 2017-18 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన పద్ధతియందు దీనికి విరుద్ధముగా అన్నము, రొట్టె, పండ్లు మాని, దినమునకు 70 మొదలు 100 గ్రాముల కొబ్బరినూనె వంటి కొవ్వును, నిమ్మరసమును, నాలుగు లీటర్ల నీటిని తీసికొనవలెను. ఒకరు నూనెను నిషేధించిరి. ఒకరు నూనెనే భోజనము గావించిరి. నూనె మానినవాడును తగ్గెను. నూనె త్రాగినవాడును తగ్గెను. ఇదెట్లు సంభవమని రచ్చబండ కడ వాదములు జరిగినవి.

ఈ చిక్కును జమాఖర్చులే విప్పును. 100 గ్రాముల నూనె 900 కాలరీలు. దానితో అన్నము, పిండివంటలు, చక్కెర, పాలు అన్నియు మానినచో దినపు మొత్తము పూర్వముకంటె చాల తక్కువ యగును. రెండవ మార్గమున నూనె పోయినది, వేపుళ్లు పోయినవి, కడుపు మాత్రము కూరగాయలతో నిండినది. అక్కడను మొత్తము తగ్గినది. దారులు వేరైనను చేరిన ఊరు ఒక్కటే. ఈ సంగతిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి 2018లో ప్రకటించిరి. 609 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమును కొవ్వు తగ్గించు భోజనముపైని, ఒక వర్గమును పిండిపదార్థము తగ్గించు భోజనముపైని ఏడాదిపాటు ఉంచిరి. మొదటివారు సగటున 5.3 కిలోలు, రెండవవారు 6 కిలోలు తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదని తేలినది. అంతకంటె గమనింపదగినది మరొకటి: రెండు వర్గములయందును కొందరు విశేషముగా తగ్గిరి, కొందరు ఏమియు తగ్గలేదు, కొందరు పెరిగిరి కూడ. ఒకనికి పనిచేసినది వేరొకనికి పనిచేయకపోవుటలో వింత లేదు.

అన్నము మానిన మొదటి వారమున మూడు, నాలుగు కిలోలు తగ్గుట చూచి పలువురు అబ్బురపడుదురు. కాలేయమునందును కండరములయందును పిండిపదార్థము కొంత నిల్వయుండును. ప్రతి గ్రాము నిల్వయు తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి యుంచును. అన్నము మానగానే ఆ నిల్వ కరిగి, నీరు మూత్రమున పోవును. మొదట తగ్గినదానిలో పెద్దభాగము నీరే, కొవ్వు కాదు. చెమట పట్టించు పట్టీలు, ఆవిరి గదులు చేయునదియు నింతే. లోటా నీరు త్రాగగానే ఆ బరువు మరలి వచ్చును.

ఔషధము నిజముగా పనిచేయునో లేదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు అవలంబించు పద్ధతి మిక్కిలి సులభమైనది. ఒక వర్గమునకు మందును, వేరొక వర్గమునకు అదే రూపు గల ఉత్త మాత్రను ఇత్తురు. ఎవరికేది అందినదో తినువానికిని తెలియదు, ఇచ్చువానికిని తెలియదు. సీమచింతవంటి పులుపు గల ఒక మలబారు పండు తొక్క నుండి తీసిన సారము గార్సీనియా పేరుతో నేటికిని డబ్బాలలో అమ్ముడుపోవుచున్నది. 1998లో 135 మందిపై 12 వారములు దీనిని పరీక్షించిరి. మందు తిన్నవారు సగటున 3.2 కిలోలు తగ్గిరి. ఉత్త మాత్ర తిన్నవారు 4.1 కిలోలు తగ్గిరి! ఇరువర్గములవారును మితభోజనము చేసిరి గనుక తగ్గిరి. ఆ ఉత్త మాత్రల వర్గము లేనిచో, 3.2 కిలోల ఘనత యంతయు ఆ పండు తొక్కకే దక్కెడిది. "మా బావమరది తిని తగ్గినాడు" అన్న మాట అబద్ధము కాకపోవచ్చును. కాని అది సాక్ష్యము కాదు.

ఇంటింట వాడుకలోనున్న ఉపాయములను ఈ గీటురాతిపై పెట్టి చూతము.

పరగడుపున గోరువెచ్చని నీటిలో తేనెయు నిమ్మరసమును కలిపి త్రాగుట మొదటిది. పెద్ద చెంచా తేనెలో 60కి పైగా కాలరీలు కలవు; కొవ్వును కరగించు గుణము దానికిని లేదు, నిమ్మకును లేదు. పాలు, చక్కెర వేసిన రెండు గ్లాసుల కాఫీకి బదులుగా దీనిని త్రాగినవాడు తగ్గవచ్చును. అపుడు తగ్గించినది కాఫీని మానుటయే గాని తేనెను త్రాగుట కాదు. చరకసంహిత స్థూలునకు తేనెనీటిని చెప్పినది. కాని ఆ గ్రంథమే వేడిచేసిన తేనెను నిషేధించినది. శాస్త్రమును ప్రమాణముగా చూపువారు సగము చదివి సగము విడుచుట తగదు.

రెండవది ఉలవలు. ఉలవకట్టు బలమైన ఆహారము. మాంసకృత్తులు నూటికి ఇరువది పాళ్లకు పైగా కలవు, పీచును కలదు. అన్నము కొంత తగ్గించి ఉలవగుగ్గిళ్లు తిన్నవానికి ఆకలి త్వరగా కాదు. అంతవరకు మేలు. ఎలుకలపై జరిగిన ప్రయోగములను చూపి, ఉలవలు మనుష్యుల కొవ్వును కరగించునని చెప్పుట మాత్రము అతిశయోక్తి.

మూడవది చిరుధాన్యములు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఆరికలు, ఊదలు అను వానిని సిరిధాన్యములని పేరిడి ప్రచారము చేసిన ఖాదర్ వలీగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరమునే చిరుధాన్య వత్సరముగా పాటించినది. మెట్ట రైతునకు ఇది శుభవార్త. కాని లెక్క లెక్కయే. 100 గ్రాముల బియ్యములో సుమారు 356 కాలరీలుండగా, జొన్నలలో 334, సజ్జలలో 348, రాగులలో 321 కలవు. భేదము స్వల్పము. పీచు విషయమున మాత్రము భేదము గొప్పది: తెల్లబియ్యమున మూడు గ్రాములకు లోపుండగా, జొన్న, సజ్జ, రాగులలో పది గ్రాములకు పైబడి యున్నది. పీచు కడుపు నింపును. చక్కెరను నెమ్మదిగా రక్తమున విడుచును. కావున అన్నమంత కొలతలో కొర్రన్నము తిని, పైగా నేయి పోసికొన్నవానికి బరువు తగ్గదు. తవుడంతయు పోవునట్లు పాలిష్ పట్టిన కొర్రల వలన ఆ పీచు లాభమును చాలవరకు పోవును.

నాలుగవది ఉపవాసము. "లంఖణం పరమౌషధం" అన్నది పెద్దల మాట. చైనాలోని గ్వాంగ్జౌ నగరమున 139 మందిపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, ఇరువర్గములకును ఒకే మితభోజనము విధించి, ఒక వర్గమువారిని మాత్రము ఉదయము 8 మొదలు సాయంత్రము 4 గంటల లోపల భుజింపుమనిరి. ఏడాదికి వారు 8 కిలోలు, కడమవారు 6.3 కిలోలు తగ్గిరి. ఆ భేదము గణనీయము కాదని తేలినది. గడియారము బరువును తగ్గింపదు. తినుటకు వేళలు తగ్గినపుడు తిండి తగ్గినచో తగ్గును. ఏకాదశినాడు అన్నము మాని, ఫలహారమను పేర పెసరట్టు, ఉప్మా, పాయసము ఆరగించువారికి పుణ్యము దక్కవచ్చును గాని బరువు తగ్గదు.

ఐదవది సీసాలలో వచ్చు ఆపిల్ పండ్ల వెనిగారు. ఇది బరువును విశేషముగా తగ్గించునని 2024లో ఒక వైద్యపత్రికలో పరిశోధన వెలువడగా లోకమంతట చాటింపు జరిగినది. ఆ లెక్కలు విశ్వసనీయములు కావని 2025లో ఆ పత్రికవారే దానిని ఉపసంహరించిరి. చాటింపు విన్నవారిలో ఉపసంహరణమును విన్నవారెందరు?

ఆరవది పొట్ట తగ్గించు పట్టీలు, యంత్రములు. ఒకచోట కండను కదలించినచో అచటి కొవ్వే కరుగునన్నది భ్రమ. 1971లో టెన్నిస్ ఆటగాండ్ర చేతులను కొలిచి చూచిరి. ఆడు చేతి కండ పెరిగినది. చర్మము క్రింది కొవ్వు పొర రెండు చేతులకును సమానముగనే యుండెను.

మరి నడక మాటేమి? మధ్యరకపు దేహము గలవాడు గంటసేపు చురుకుగా నడచిన 200 మొదలు 250 కాలరీలు ఖర్చగును. ఉదయగిరి కొయ్యచెంచాలు దేశమంతట పేరుపడినవి. అట్టి పెద్ద చెంచాతో కూరలో అదనముగా పోసిన రెండు చెంచాల నూనె ఆ గంట నడకను పూర్తిగా రద్దు చేయును. కావున నడక ఒక్కటియే బరువును అంతగా తగ్గింపదు. అట్లని నడక వ్యర్థము కాదు. తగ్గిన బరువు మరల పెరుగకుండ కాపాడునది అదియే; చక్కెరను, రక్తపుపోటును అదుపున నుంచునదియు అదియే.

ఇక మందుల సంగతి. వీని చరిత్ర భయంకరమైనది. 1930 ప్రాంతమున డైనైట్రోఫినాల్ అను రసాయనమును బరువు తగ్గించుటకు వాడిరి. బరువు తగ్గినది, పలువురి కన్నులకు శుక్లములు వచ్చినవి, కొందరు దేహము లోలోపల కాగి మరణించిరి. 1938లో అమెరికాలో దాని వాడుక ఆగినది. ఫెన్‌ఫ్లూరమిన్ హృదయ కవాటములను చెరచుటచే 1997లో తొలగింపబడినది. సిబుట్రమిన్ గుండెపోటును, పక్షవాతమును హెచ్చించుటచే 2010లో అమెరికాలో విపణి నుండి తొలగగా, 2011లో భారత ప్రభుత్వము నిషేధించినది. నిషేధమునకు పిదపను, కేవల మూలికలని అమ్ముడుపోవు పొడులలోను మాత్రలలోను ఈ సిబుట్రమిన్‌నే రహస్యముగా కలుపుట ప్రభుత్వ పరీక్షలలో పలుమారులు బయటపడినది. "మూలిక గనుక హాని లేదు" అన్నది ఎంత ప్రమాదకరమైన నమ్మకమో దీనివలన తెలియును.

ఇటీవలి సూదిమందులు వేరు జాతివి. సెమాగ్లూటైడ్ అను మందును 1,961 మందిపై పరీక్షించి 2021లో ఫలితమును ప్రకటించిరి. 68 వారములలో మందు పొందినవారి బరువు నూటికి 14.9 పాళ్లు, ఉత్త సూది పొందినవారి బరువు 2.4 పాళ్లు తగ్గినది. ఇది నిజమైన ఫలితము. కాని మందు మానిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మరలి వచ్చినవి. 2025లో బరువు తగ్గింపునకై ఇట్టి సూదిమందులు భారతదేశపు విపణిలో ప్రవేశించినవి. వీనిని వైద్యుడు చూచి యిచ్చినప్పుడే వాడవలెను.

స్థూలకాయమును నయము చేయుదుమని మందులను ప్రకటించుట దేశమున చట్టవిరుద్ధమని పలువురెరుగరు. 1954 నాటి ఔషధముల, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టమునకు చేర్చిన వ్యాధుల పట్టికలో స్థూలకాయమును కలదు. గోడపై కాగితమంటించి "నెలకు పది కిలోలు" అని హామీ యిచ్చువాని మాటను నమ్మకమునుపు ఈ చట్టమును తలచుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది ధననష్టము. ప్రాణనష్టమునకు దారితీయు సంగతి ఒకటి కలదు. ఈ ప్రసంగమున ముఖ్యమైనది అదియే. ఇన్సులిన్ తీసికొను మధుమేహి యొకడు పొరుగువాని మాట విని అన్నము మానినాడనుకొందము. చక్కెర మట్టము దిగుట నిజమే. కాని ఇన్సులిన్ మోతాదు మునుపటిదే యైనచో ఆ మట్టము ప్రమాదకరముగా పడిపోయి, ఏ అర్ధరాత్రియో తెలివి తప్పును. దానికి వెరచి ఇన్సులిన్‌ను పూర్తిగా మానినచో వేరొక రకమున ప్రాణముమీదికి వచ్చును. మూత్రము ద్వారా చక్కెరను వెడలించు కొత్త మాత్రలు వాడువారు పిండిపదార్థమును పూర్తిగా మానినచో రక్తము ఆమ్లమయమగు అపాయము కలదు. ఉదయగిరి కొండకొమ్ము పల్లెలనుండి పెద్ద ఆసుపత్రి చేరుటకు పట్టు కాలమును తలచుకొన్నవారికి దీని తీవ్రత వేరుగా చెప్పనక్కరలేదు. కావున మధుమేహమునకు, రక్తపుపోటునకు మందులు వాడువారును, మూత్రపిండముల వ్యాధి గలవారును వైద్యుని అడుగక ఏ ఆహార నియమమును ప్రారంభింపరాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు అసలే ప్రారంభింపరాదు. అతివేగముగా తగ్గినవారికి పిత్తాశయమున రాళ్లు కూడ ఏర్పడును.

అయినచో నిరూపితమైన మార్గమే లేదా? కలదు. 1918లో కూనూరున మొదలై పిదప హైదరాబాదునకు చేరిన జాతీయ పోషకాహార సంస్థ, వారమునకు అర కిలో చొప్పున తగ్గుట క్షేమమనియు, దినమునకు 1,000 కాలరీలకు తక్కువగు ఆహారము తగదనియు చెప్పినది. అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో వెలువడిన పరీక్షలో, బరువును నూటికి ఏడు పాళ్లు తగ్గించుకొనుటయు, వారమునకు 150 నిమిషములు నడచుటయు లక్ష్యముగా పెట్టుకొన్నవారికి మధుమేహము వచ్చుట నూటికి 58 పాళ్లు తగ్గినది. మాత్ర మ్రింగినవారికి 31 పాళ్లే తగ్గినది. పొరుగుననున్న చెన్నపట్టణమున డాక్టరు ఎ. రామచంద్రన్‌గారును వారి సహచరులును 531 మందిపై జరిపి 2006లో ప్రకటించిన పరీక్ష మరింత ఆసక్తికరము. మూడేండ్లలో, ఏ ఉపదేశమును లేనివారిలో నూటికి 55 మందికి మధుమేహము రాగా, తిండిని, నడకను సవరించుకొన్నవారిలో 39 మందికే వచ్చినది. వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గనే లేదు! తక్కెడ ముల్లు కదలకున్నను రోగము వెనుకకు తగ్గినది. కావున నెల తిరుగకమునుపే బరువు తగ్గలేదని నిరాశపడి నడకను మానువారు చేతిలోని లాభమును జారవిడుచుచున్నారు.

చరకుడు అతిస్థూలుని ఎనిమిదిమంది నిందితులలో చేర్చి, ఆయుఃక్షయము, దౌర్బల్యము, అతిక్షుత్తు, అతిపిపాస మొదలగు దోషములను చెప్పెను. వానికి కడుపు నింపునదియై, ఒడలిని పెంచనిదియగు ఆహారము హితమనెను. పీచు గల కూరలు, పప్పులు, ముతక ధాన్యములు నేటి శాస్త్రము చూపుచున్న ఆహారమునకు దగ్గరవే. వ్యాయామాదులను క్రమముగా పెంచుకొనవలెనని కూడ ఆయన విధించెను. క్రమముగా అన్న ఆ యొక్క మాటనే నేటి ప్రకటనలన్నియు విడిచిపెట్టినవి.

ఇంటికి పోయి చేయదగిన పని పెద్దది కాదు. నెలకు ఎంత నూనె, ఎంత చక్కెర కొనుచున్నారో, తినువారెందరో ఒక కాగితముపై వ్రాసికొనుడు. కంచమున అన్నపు పాలును తగ్గించి కూరను, పప్పును పెంచుడు. మజ్జిగను విడువకుడు. దినమున అరగంట నడువుడు. నెలకొకసారి నడుమును కొలిచి వ్రాసికొనుడు. ఇంతకు మించిన రహస్యమును అమ్మవచ్చినవానిని, "ఎంతమందిపై పరీక్షించిరి? ఉత్త మాత్రతో పోల్చి చూచిరా? మానిన పిదప ఏమైనది?" అని మూడు ప్రశ్నలు అడుగుడు. సమాధానము రానిచో సంచి మూసికొని పొమ్మనుడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు నేర్పినది అడుగుటయే. పుస్తకమును అడుగుట, పెద్దలను అడుగుట, తుదకు పుస్తకమునే ప్రశ్నించుట. ఒడలి విషయమునను ఆ యలవాటును విడువకుందురు గాక! గ్రంథాలయము శతమానము జీవించును గాక!